టూటూ గారి దివ్య సముఖానికి

టూటూ గారూ,

బాలే డాన్సర్ల స్కర్టు మీరు, నడుం చుట్టూ పళ్లెంలా చాచుకుని నిలబడే మీ దర్పం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. బాలే అనగానే లోకానికి ముందు గుర్తొచ్చేది మీరే. కాలి వేళ్ల కొసల మీద ప్రాణం పెట్టి తిరిగే అమ్మాయి తర్వాత, సంగీతం ఆ తర్వాత, వెనక తెర గీసినాయన ఊసైతే ఎవరికీ పట్టదు. "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో!" అంటారు మిమ్మల్ని చూసి. నా పేచీ అంతా ఆ తేలికతనంతోనే.

పది పన్నెండు పొరల నెట్ గుడ్డ, ఒక్కో పొర వెడల్పు ఒక్కోలా కోసి, కుచ్చులు పట్టి, పొరకీ పొరకీ వదులుగా టాకాలు వేసి, మధ్యలో స్టీలు వైరు దూరిస్తే గానీ మీరు వాలిపోకుండా నిలబడరు. ఇంత చేసినా మామూలుగా ఉతకడానికి వీల్లేదు, చెమట వాసనొస్తే మీ బాడీస్‌కి (పైన ఒంటికి బిగిసే రవిక భాగానికి) వోడ్కా పిచికారీ కొట్టాలి! (స్టేజీ మీద దేవకన్య, బీరువాలో ఆ వాసన.) హ్యాంగరుకైనా బుద్ధిగా వేలాడరు, కుచ్చులు జారతాయని తలకిందులుగా తగిలించాలి.

1832లో పారిస్ ఒపేరాలో 'లా సిల్ఫీడ్' బాలే ఆడినప్పుడు డాన్సర్ మారీ తాల్యోనీ వేసుకున్న మీ పూర్వీకురాలు పిక్కల దాకా ఉండేది, తెల్లగా. గ్యాసు దీపాల మసక వెలుతురు, వెనక సిసెరీ వేసిన సెట్లు కలిసి ఆ తెల్లగుడ్డని పొగమంచు చేశాయి. అంటే మాయలో సగం దీపాలదీ సీనరీదీ, పేరు మాత్రం మీది.

ఆ దీపాలే 1862లో ఎమ్మా లివ్రీ అనే డాన్సర్ స్కర్టుకి అంటుకున్నాయి, రిహార్సల్లో. మంటలు అంటకుండా మందు పెట్టిన గుడ్డ అప్పటికే ఉంది, కానీ దాంతో బట్ట బిరుసెక్కి మాసినట్టు కనిపిస్తుందని ఆమె వద్దంది. మరుసటి ఏడాది చనిపోయింది. మీ తెలుపు గురించి ఎవరైనా మురిసిపోతుంటే నాకు ఇదే గుర్తొస్తుంది, ఇక్కడ జోకులు వేయలేను.

సరే, సెట్ల సంగతి. గెంతడానికి, మీరు చాచుకోవడానికి నడిమధ్య నేలంతా ఖాళీగా వదలాలి, కాబట్టి కోటలు, అడవులు, సరస్సులు అన్నీ వెనక తెరకీ పక్క వింగ్స్‌కీ సర్దుకోవాలి. పలచటి గాజుగుడ్డ తెర ఒకటుంటుంది, ముందు నుంచి లైటు వేస్తే గోడలా నిలబడుతుంది, వెనక నుంచి వేస్తే మాయమై అవతలి లోకం బయటపడుతుంది, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ చప్పట్లూ మీ ఖాతాలోకే!

మిమ్మల్ని పక్కకు నెట్టినవాళ్లు లేకపోలేదు. 1910లో 'షెహెరజాద్' బాలేకి డిజైనర్ బాక్స్ట్ వదులు షరాయిలు, కళ్లు చెదిరే రంగులు తెచ్చాడు. 1917లో 'పరేడ్' బాలే కోసం పికాసో డాన్సర్లకి మనిషిని మించిన అట్టల కట్టడాలే తొడిగించాడు, అవి మీకంటే మొండివి. 1950లో బాలే దుస్తులు కుట్టే కరిన్స్కా మీ వైరు పీకేసి, పొట్టి పొరలతో మెత్తబరిచింది, వరుసలో నిలబడ్డప్పుడు ఒకదాని అంచు ఇంకోదాన్ని గుద్దుతోందని. వైరు పోయింది గానీ పొగరు పోలేదు.

మిమ్మల్ని కట్టుకున్న అమ్మాయి కాళ్లు ఆమె నడుం పట్టుకునే అబ్బాయికి సరిగ్గా కనబడవు, పాపం మీ అంచు నలగకుండా చేతులు చాచి అంచనా మీదే పట్టుకోవాలి. ఆ అంచు ఓ జానెడు తగ్గించుకుంటే వాడికి కాళ్లూ, మాకు వెనక సరస్సూ కనబడతాయి.

ఇట్లు,
తెర చూడ్డానికే టికెట్ కొనే ఒక ప్రేక్షకుడు