దయచేసి మీ భద్రత తగ్గించుకోండి

ఈ మధ్య ప్రతివాడికీ ప్రభుత్వ పోర్టళ్లలో డిజిటల్ సంతకం పెట్టించే బ్రౌజర్ ప్లగిన్‌ను, అంటే బ్రౌజర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్‌ను, తిట్టడం అలవాటైపోయింది. క్రోమ్‌లో పేజీయే తెరుచుకోదు, ఎడ్జ్‌లో తెరుచుకుంటుంది గానీ సంతకం దాచిన యూఎస్‌బీ టోకెన్ కనబడదు, టోకెన్ కనబడేసరికి సెషన్ అయిపోతుంది అంటూ ఒకటే సణుగుడు. ఈ అకారణ ద్వేషాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

కాస్త వెనక్కి వెళ్దాం. డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది 2000 నాటి ఐటీ చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే టెండర్లు ఆన్‌లైన్‌కి ఎక్కడం మొదలైంది. అంతకుముందు టెండర్ బాక్సు దగ్గర నలుగురు మనుషుల్ని నిలబెట్టి అవతలి కాంట్రాక్టర్‌ను లోపలికి రానివ్వకపోవడమనే కార్యక్రమం ఒకటి ఉండేది. తర్వాత ఆ బాధ్యత సంతకం ప్లగిన్‌ను నడిపే జావా అనే సాఫ్ట్‌వేర్ తీసుకుంది. మనుషులైతే పార్టీ, కులం చూసి ఆపేవారు, జావాకు ఆ పక్షపాతం లేదు, అందరినీ ఆపుతుంది. దీన్ని కదా పారదర్శకత అంటారు!

ఇక ఇన్‌స్టాలేషన్ సూచనల పీడీఎఫ్. స్క్రీన్‌షాట్లు విండోస్ ఎక్స్‌పీ కాలం నాటివి, ఎర్ర బాణం గుర్తులతో సహా. యాంటీవైరస్ ఆపేయమంటుంది, పాపప్ బ్లాకర్ తీసేయమంటుంది, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయమంటుంది, పోర్టల్ అడ్రసును జావా మినహాయింపుల జాబితాలో చేర్చమంటుంది. ఆ తర్వాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సెట్టింగుల్లో అట్టడుగుకి వెళ్లి, 'సురక్షితమని గుర్తు లేని యాక్టివ్ఎక్స్ కంట్రోళ్లు' (ఎక్స్‌ప్లోరర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) అన్న దాని కింద ఎనేబుల్ నొక్కమంటుంది. నొక్కగానే ఇది ప్రమాదం సుమా అని ఆ సిస్టమే మొత్తుకుంటుంది. పట్టించుకోవద్దు, ఓకే కొట్టేయమని పీడీఎఫ్‌లో బోల్డ్ అక్షరాల్లో ఉంటుంది. ఇదంతా ఎందుకయ్యా అంటే, మీ సంతకాన్ని ఎవరూ దొంగిలించకుండా భద్రంగా పెట్టించడానికి.

బ్రౌజర్ కంపెనీలకు ఈ పట్టుదల ఎక్కడిది? పాత ప్లగిన్లన్నీ హ్యాకర్లకు దొడ్డిదారి అవుతున్నాయని వంక పెట్టి ఒక్కొక్కరూ జారుకున్నారు. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో జావా ప్లగిన్‌కు తలుపులు మూసేశాయి. జావా యజమాని ఒరాకిల్ 2018లో జావా 11 నుంచి దాన్ని పీకేసింది, అంటే పెంచిన తల్లే వదిలేసింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే తిలోదకాలిచ్చింది. ఎడ్జ్‌లో పాత ఎక్స్‌ప్లోరర్ పేజీలు తెరవడానికి ఐఈ మోడ్ అని ఒకటి మిగిల్చారు, కనీసం 2029 దాకా ఉంటుందట, కానీ అందులో మనం చేర్చుకున్న పేజీకి మామూలుగా 30 రోజులే గడువు. నెల తిరిగేసరికి మళ్లీ చేర్చుకోవాలి. ఏ రోజుతో గడువు తీరుతుందో చెప్పక్కర్లేదు, రిటర్న్ దాఖలుకు ఆఖరి రోజే.

అందుకే ప్రతి ఆడిటర్ ఆఫీసులోనూ ఓ మూల విండోస్ 7 సిస్టమ్ ఒకటి మడి కట్టుకుని కూర్చుని ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, అప్‌డేట్ చేయకూడదు, పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. కొత్తగా చేరిన కుర్రాడు తెలియక దాన్ని రీస్టార్ట్ చేస్తే ఆ రోజంతా ఆఫీసులో ఎవరూ మాట్లాడుకోరు.

అప్‌గ్రేడ్ అయిన పోర్టళ్లు లేకపోలేదు. అవి ప్లగిన్ తీసేసి, మన సిస్టమ్‌లోనే ఓ చిన్న సంతకాల ప్రోగ్రామ్‌ను కూర్చోబెట్టాయి. వెబ్‌పేజీ 127.0.0.1 అనే అడ్రసుకు, అంటే మన కంప్యూటర్‌కే, కబురు పెడుతుంది. ఆ ప్రోగ్రామ్ భద్రతా సర్టిఫికెట్ గడువు కాస్తా తీరిపోతే, ఇది నమ్మదగ్గ చోటు కాదు, ఇక్కడ మీ వివరాలు ఎవరైనా కాజేయవచ్చు అని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. మన ఇంట్లో మన టేబుల్ మీదున్న మన కంప్యూటర్ గురించి! హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే మాత్రం సమాధానం ఇరవై ఏళ్లుగా మారలేదు, "క్యాషే క్లియర్ చేశారా సార్?"

మనమే వెనకబడ్డామని కుమిలిపోనక్కర్లేదు. ఇంటర్నెట్ వేగంలో ముందు వరుసలో ఉన్న దక్షిణ కొరియా ఏళ్ల తరబడి యాక్టివ్ఎక్స్ చేతిలో బందీగా ఉండిపోయింది. ఓ టీవీ సీరియల్ హీరోయిన్ తొడుక్కున్న కోటును చైనా అభిమానులు ఆన్‌లైన్‌లో కొనలేకపోతున్నారని 2014లో సాక్షాత్తూ అధ్యక్షురాలు పార్క్ గ్యున్-హే వాపోవాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా ఇంకో మెట్టు పైకెక్కింది. 2020 డిసెంబరు 31తో అడోబీ వారి ఫ్లాష్ అనే ఇంకో పాత ప్లగిన్‌కు నూకలు చెల్లాయి. ఆ రోజు వస్తోందని అడోబీ మూడేళ్ల ముందే, 2017లోనే, చెప్పింది. అక్కడి పన్నుల శాఖ మాత్రం ఫారాలన్నీ మార్చడం పూర్తికాక, 2021 జనవరిలో ఫ్లాష్ నడిచే సొంత బ్రౌజర్‌నే విడుదల చేసింది.

మనకూ అలాంటి బ్రౌజర్ ఒకటి కావాలని ఇందుమూలంగా డిమాండ్ చేస్తున్నాను. అందులో వేరే సైట్లేవీ తెరుచుకోనక్కర్లేదు, అప్‌డేట్లు అసలే వద్దు. తయారీకి ఎలాగూ ఆన్‌లైన్ టెండర్ పిలుస్తారు కాబట్టి, ఆసక్తి ఉన్న కంపెనీలు ఇప్పటినుంచే 32 బిట్ జావా వెతికిపెట్టుకోవాలి.