మా గ్రౌండు ఖాళీగా ఉందని ఎవరన్నారు?

నాలుగు రోజులుగా ఒక మెసేజ్ విశాఖ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తోంది. నాకే ఆరుసార్లు వచ్చింది, అందులో ఒకటి మా మామయ్య పంపాడు, కింద "ఇది నిజమేనా రా?" అని. భీమిలికీ ఆనందపురానికీ మధ్యలో ఉన్న మా ఊరి గ్రౌండు గురించి అది. సారాంశం ఏమిటంటే, రెండున్నర ఎకరాల పోరంబోకు పిచ్చిమొక్కలు పట్టి ఖాళీగా పడి ఉందట, అక్కడ 200 పేద కుటుంబాలకు ఇళ్లు వస్తుంటే పనీపాటా లేని పది మంది క్రికెట్ కుర్రాళ్లు అడ్డుపడుతున్నారట, ప్రభుత్వ భూమి మీద ఊరి పెత్తనమేమిటట, పైగా లేఅవుట్లో పార్కు కూడా ఇస్తారట. కింద సాక్ష్యంగా ఒక ఫొటో.

ముందు ఆ ఫొటో సంగతి. అది వానాకాలంలో మిట్టమధ్యాహ్నం తీసింది, నీడ చూస్తేనే తెలుస్తుంది. ఆ టైములో గ్రౌండులో మనుషులుంటారా? గేదెలు కూడా చింతచెట్టు కిందకి చేరిపోతాయి.

తెల్లవారుజామున ఐదింటికి వచ్చి ఉంటే వేరే ఫొటో దొరికేది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కీ అగ్నివీర్ ర్యాలీలకీ తయారయ్యే పిల్లలు చీకట్లోనే దిగిపోతారు, మా ఊరివాళ్లే కాదు, పక్క రెండు ఊళ్ల నుంచి కూడా. కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. మా గ్రౌండు దాదాపు నలుచదరం, ఒక్కో వైపు వంద మీటర్లు, అంటే చుట్టూ నాలుగు రౌండ్లు వేస్తే సరిగ్గా పరీక్ష దూరం. మూలల్లో నాలుగు ఇటుకలు పాతి ఉంటాయి, వాటి బయట నుంచే తిరగాలి, లోపల నుంచి కోసేస్తే రౌండు లెక్కలోకి రాదు. ఈ రూలు ఎవరు పెట్టారో తెలీదు గానీ తప్పిన వాడిని మిగతా వాళ్లు వదలరు. ఒకడు ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని చింతచెట్టు కింద నిలబడి "ఆరు నలభై, ఇంకా లాగొచ్చు" అని అరుస్తుంటాడు. ఈ గ్రౌండు పోతే వీళ్లంతా పరుగెత్తాల్సింది హైవే పక్కన, లారీల మధ్య.

ఇక ఎండాకాలం వస్తే జీడిపిక్కలు అక్కడే ఎండుతాయి, నువ్వు కట్టలు అక్కడే నిలబెడతారు. అమ్మవారి పండగకి తప్పెటగుళ్లు ఆడేదీ, పందిరి వేసేదీ అక్కడే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టి వెళ్లాక చెట్లు పడి వీధులన్నీ మూసుకుపోతే, నీళ్ల ట్యాంకరు వచ్చి ఆగిందీ, సరుకులు పంచిందీ ఆ "ఖాళీ" స్థలంలోనే. గోడా గేటూ లేకపోతే ఖాళీ అనుకునే వాళ్లకి ఇంకెలా చెప్పాలో నాకు తెలీదు.

పోరంబోకు అన్న మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే మెసేజ్ బలమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పనికిమాలిన వాడిని తిట్టడానికి వాడీ వాడీ అదొక బూతులా తయారైంది గానీ, రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అంటే శిస్తు కట్టక్కర్లేని, ఏదో ఒక ఉమ్మడి అవసరానికి ఉంచిన భూమి. చెరువు పోరంబోకే, శ్మశానం పోరంబోకే, బండిదారి పోరంబోకే. మా గ్రౌండు పాత రికార్డులో కళ్లం. మా తాతల రోజుల్లో ఊరి వడ్లన్నీ అక్కడే నూర్చేవారు, మిషన్లు వచ్చాక కళ్లం పని తగ్గింది, ఆ జాగాలోకి పిల్లలు వచ్చారు.

"ప్రభుత్వ భూమి, ప్రభుత్వం ఇష్టం" అనే వాళ్లకి జవాబు కూడా ఇక్కడే ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ చూడండి. ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిచే చోట్లు, తోపులు పంచాయతీకి దఖలు పడతాయని అందులో ఉంది. నిజమే, అదే సెక్షన్ కింద ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకోవచ్చు కూడా, నేను దాచడం లేదు. కానీ ఏ అవసరానికో తేల్చి, గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి తీసుకోవాలి. ఒక పొద్దున్న లేచి చూసేసరికి పిచ్ మీదుగా సున్నంతో ప్లాట్ల గీతలు గీసి ఉంటే, ఎవరండీ అని అడిగితే "పైనుంచి చెప్పారు" అంటే, దాన్ని నోటిఫికేషన్ అనరు. ఇక భూముల పంపకాలకి రెవెన్యూ వాళ్లు చూసే బోర్డు స్టాండింగ్ ఆర్డర్ 15లో, అసైన్ చేయకూడని, అంటే ఎవరికీ పట్టా ఇచ్చి పంచకూడని వాటిలో ప్రజావసరాలకు రిజర్వు చేసిన భూములున్నాయి, ఆటస్థలం పేరు పెట్టి మరీ రాశారు.

సుప్రీంకోర్టు మాట కూడా అయిపోతే ఒక పని అయిపోతుంది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూములు కాపాడాలని, ఆక్రమణలు ఖాళీ చేయించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. దానికి ఒకాయన గ్రూపులో "అదే తీర్పులో భూమి లేని కూలీలకు మినహాయింపు ఉంది కదా" అని పెట్టారు. ఉంది సార్. ఇప్పటికే లీజు పొంది ఉన్న వాళ్లను రెగ్యులరైజ్ చేసే సందర్భానికి అది. ఆడుకుంటున్న గ్రౌండు తీసి కొత్తగా ప్లాట్లు కొట్టమని ఆ తీర్పులో ఎక్కడా లేదు.

ఇప్పుడు 200 కుటుంబాలు. దీనికి చట్టం అక్కర్లేదు, మూడో తరగతి ఎక్కం చాలు. రెండున్నర ఎకరాలు అంటే 250 సెంట్లు. పల్లెల్లో ఇంటికి 3 సెంట్లు అని ఇప్పటి ప్రభుత్వమే చెప్పింది. రోడ్డు, కాలువ, కరెంటు స్తంభం ఏవీ లేకుండా ఇంటికి ఇల్లు అతికించినా 83 ఇళ్లు. రోడ్లు, ఖాళీ జాగా తీసేస్తే 50 మిగిలితే గొప్ప. మిగతా 150 కుటుంబాలని మెసేజ్ రాసినాయన ఎక్కడ కూర్చోబెడతాడో ఆయనే చెప్పాలి.

మేం పేదల ఇళ్లకు వ్యతిరేకం అన్న మాట మాత్రం నిజంగా మంటెక్కించింది. మా ఊళ్లో ఒక్క పోర్షన్‌లో ముగ్గురు అన్నదమ్ములు పెళ్లాం పిల్లలతో ఉంటున్న ఇళ్లున్నాయి. వాళ్లలో ఒకావిడ, మొన్న గ్రామసభలో గ్రౌండు ఉంచాలని అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆవిడే, "ఇల్లొద్దని ఎవులన్నారు బాబూ? మాకు వాకిలే లేదు, పిల్లలు ఇంకెక్కడికెల్తారు?" అంది. సొంతంగా పెరడు, డాబా ఉన్న వాడికి గ్రౌండు పోయినా గడుస్తుంది, గోడ దాటితే రోడ్డు మీద పడే ఇంటివాళ్లకి గడవదు. ఇళ్లకి వేరే భూమే లేదంటారా? 2020లో ఈ జిల్లాలో పేదల ఇళ్ల స్థలాల కోసమని 6 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌కి, అంటే భూములు సమీకరించడానికి జీవో ఇచ్చారు. అందులో ఎన్ని ప్లాట్లలో పునాది లేచిందో ముందు చూసి, ఆ తర్వాత మా కళ్లం మీదకి రండి.

పది మంది కుర్రాళ్లు అన్నదానికి పెద్దగా చెప్పేదేం లేదు. ఆ రోజు సభలో చేతులెత్తిన వాళ్లలో సగం మంది ఆడవాళ్లు, వాళ్లెవరూ బ్యాటు పట్టరు. "మధురవాడలో స్టేడియం ఉందిగా" అన్న కామెంటుకి అసలు జవాబే ఇవ్వను, ఆ స్టేడియంలో జీడిపిక్కలు ఎండబెట్టనిస్తే చూద్దాం.

పార్కు ఇస్తారుగా అన్న మాట మటుకు చాలామందికి న్యాయంగా తోస్తోంది, మా మామయ్యతో సహా. లేఅవుట్ రూల్స్ ప్రకారం ఖాళీ జాగా 10 శాతం. అంటే మాకు మిగిలేది 25 సెంట్లు, నలుచదరంగా ఇచ్చారనుకున్నా ఒక్కో వైపు 104 అడుగులు. క్రికెట్ పిచ్ ఒక్కటే 66 అడుగులు. బౌలర్ రనప్ తీసుకుంటే వీపు గోడకి తగులుతుంది, బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి ఒక్కటి లేపితే ఎవరింటి కిటికీయో పోతుంది, ఆ మర్నాడే గేటుకి "ఆటలు నిషేధం" బోర్డు. 1600 మీటర్లకి అక్కడ పన్నెండున్నర రౌండ్లు తిరగాలి, పిల్లలకి పరుగు రాదు, కళ్లు తిరుగుతాయి. చుట్టూ పేవర్ బ్లాకులు, మధ్యలో రెండు సిమెంటు బెంచీలు, ఒక ఊగని ఉయ్యాల. అలాంటి పార్కులు సిటీలో బోలెడు చూశాం.

మేం అడిగినవి రెండే కాగితాలు. ఆ సర్వే నంబరు రికార్డులో ఏ వర్గీకరణ కింద ఉందో దాని కాపీ, భూమి వెనక్కి తీసుకుంటున్నట్టు గెజిట్ నోటిఫికేషన్ ఉంటే అదీ. ఇంతవరకు ఒక్కటీ చేతికి రాలేదు, ఫార్వర్డ్ మెసేజ్ మాత్రం వచ్చింది.

ఫొటో తీసినాయన మళ్లీ రావాలనుకుంటే రేపు ఐదున్నరకి రావచ్చు. చింతచెట్టు పక్కన నిలబడి తీసుకోండి, ఇటుకల దగ్గర మాత్రం నిలబడకండి, పిల్లలు టైమింగ్‌లో ఉంటారు.