మూడో గుమ్మం

దక్షిణాఫ్రికాలోని డర్బన్ పోస్టాఫీసుకు ఒకప్పుడు రెండు గుమ్మాలు ఉండేవి. ఒకటి తెల్లవాళ్లకు, రెండోది ఆఫ్రికన్లకూ భారతీయులకూ కలిపి. కౌంటరు దగ్గర గుమాస్తాలు నోటికొచ్చినట్టు మాట్లాడేవారు. ఈ తేడా తీసేయమని భారతీయులు అర్జీ పెట్టుకున్నారు. అధికారులు తేడా తీయలేదు, ఇంకో గుమ్మం పెట్టారు. ఆఫ్రికన్లది ఒకటి, ఆసియావాళ్లది ఒకటి, తెల్లవాళ్లది ఒకటి. 1895లో అక్కడి భారతీయుల సంస్థ నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ నివేదికలో దాన్ని సంస్థ సాధించిన పనుల్లో ఒకటిగా రాసుకున్నారు. రాసింది పాతికేళ్లు దాటిన ఒక యువ న్యాయవాది, పేరు మోహన్‌దాస్ గాంధీ. తర్వాతి ఏళ్లలో ఆయన చాలా మారారు. ఆ గుమ్మం మాత్రం అక్కడే ఆగలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల కథ మనం చెప్పుకునే తీరు ఒకటుంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్లిన ఒప్పంద కూలీలు లక్షన్నర పైచిలుకు. వాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. చెరకు తోటల్లో నడుం విరిగేలా పనిచేశారు, పిల్లల్ని చదివించారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, తెల్లవాడి వివక్షను తట్టుకుని నిలబడ్డారు. ఇందులో అబద్ధం లేదు. కాని ఇది సగం కథ. మిగతా సగంలో మూడో గుమ్మం ఉంది.

1948లో తెల్లవాళ్ల నేషనల్ పార్టీ గద్దెనెక్కాక జాతుల వేర్పాటు మొత్తం చట్టాలకెక్కింది. 1950లో జనాభా నమోదు చట్టం వచ్చింది. తెల్లవాడంటే ఎవరు? చూడగానే తెల్లవాడని తెలిసేవాడు, లేదా లోకం తెల్లవాడిగా ఒప్పుకున్నవాడు. చట్టంలో ఉన్న నిర్వచనం దాదాపు ఇంతే. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దోపి చూసేవారు. జారి పడితే ఒక జాతి, ఇరుక్కుపోతే ఇంకో జాతి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు జాతులుగా నమోదైన సందర్భాలున్నాయి. మనవాళ్లను మొదట ‘కలర్డ్’ (మిశ్రమ జాతి) పద్దులో వేశారు, తర్వాత ‘ఇండియన్’ అని విడదీశారు. వ్యాపారం కలిసొస్తుందని జపాన్‌వాళ్లకు గౌరవ తెల్లవాళ్ల హోదా ఇచ్చి, పక్కనున్న చైనావాళ్లకు ఇవ్వలేదు. దీన్నే శాస్త్రం అన్నారు!

లాఠీలు, జైళ్లు సరే. షార్ప్‌విల్‌లో 1960 మార్చి 21న పోలీసు కాల్పుల్లో 69 మంది పోయారు. ఎక్కడ తిరగొచ్చో, ఎక్కడ పనిచేయొచ్చో తేల్చే పాసు పుస్తకాల మీద నిరసన తెలపడమే వాళ్ల నేరం. ఆ పాసు పుస్తకం ఆఫ్రికన్ల జేబులో ఉండి తీరాల్సిందే, భారతీయుల జేబులో అక్కర్లేదు. ఆ వ్యవస్థ అన్నేళ్లు నడవడానికి తుపాకీ ఎంత కారణమో, ఈ తేడా అంత కారణం. భారతీయుడికి ఓటు లేదు, నచ్చినచోట ఇల్లు లేదు, ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో కాపురం పెట్టే హక్కే లేదు. అయినా బడికి వచ్చే డబ్బు ఆఫ్రికన్ పిల్లల బడికి వచ్చేదానికంటే ఎక్కువ. కిందివాడితో పోల్చుకుంటే కాస్త నయం. ఆ ‘కాస్త నయం’ దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఊరూ వాడా వేరుగా ఉన్న నేల నుంచి ఓడెక్కినవాళ్లకు మెట్ల లెక్క కొత్తేమీ కాదు కదా.

డర్బన్ పక్కన కేటో మేనర్ అనే చోటుంది. ఒప్పందం తీరిన కూలీలు అక్కడ కూరపాదులు వేసుకుని, కావళ్ల మీద గంపలు మోసుకెళ్లి ఊళ్లో అమ్ముకునేవారు. కొందరు ఆ నేలను ఆఫ్రికన్లకు గుడిసెలకు అద్దెకిచ్చారు. 1949 జనవరిలో డర్బన్‌లో భారతీయుల మీద దాడులు రేగినప్పుడు ఇక్కడా ఇళ్లు తగలబడ్డాయి. మొత్తం 142 మంది చనిపోయారు, వారిలో ఆఫ్రికన్లే ఎక్కువ. తర్వాత ఏ జాతి ఎక్కడ ఉండాలో చెప్పే ప్రాంతాల విభజన చట్టం కింద 1958లో ఆ నేల తెల్లవాళ్లదని ప్రకటించారు. ఇంటి యజమానీ, అద్దెవాడూ ఇద్దరూ కదిలారు, చెరో దిక్కుకు. ఆఫ్రికన్లు క్వామాషుకు, ఉమ్లాజీకి. భారతీయులు ఛాట్స్‌వర్త్‌కు. మ్యాపు తీసి చూడండి: తెల్లవాళ్ల పేటలకూ ఉమ్లాజీకీ నడుమ ఛాట్స్‌వర్త్. గొడవంటూ వస్తే ముందు తగిలేది ఎవరికో గీత గీసినవాడికి బాగా తెలుసు.

ఆ గీతను ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. 1947లో భారతీయ కాంగ్రెస్‌ల నేతలు డాక్టర్ దాదూ, డాక్టర్ నాయకర్, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నేత డాక్టర్ జుమా కలిసి పనిచేస్తామని ఒప్పందం మీద సంతకాలు చేశారు. 1984లో ప్రభుత్వం పార్లమెంటులో భారతీయులకంటూ ఒక సభ పెట్టింది. తెల్లవాళ్లకొకటి, కలర్డ్‌కొకటి, వీళ్లకొకటి. ఆఫ్రికన్లకు ఏమీ లేదు. పోస్టాఫీసు గుమ్మమే మళ్లీ వచ్చింది, ఈసారి జీతం, కారు, హోదాలతో. ఆగస్టులో పోలింగు పెడితే నమోదైన భారతీయ ఓటర్లలో అయిదో వంతు మందే వెళ్లారు. పోటీ చేసి గెలిచి కూర్చున్నవాళ్లు లేకపోలేదు. కాని ఇళ్లలో ఉండిపోయిన ఆ నాలుగు వంతుల మందే, మా దృష్టిలో, ఈ నూట అరవై ఏళ్ల కథలో చెప్పుకోదగ్గ మనుషులు. మన వేదికల మీద వాళ్ల ప్రస్తావన రాదు.

ఆ మరుసటి ఏడాదే, 1985 ఆగస్టులో, డర్బన్ దగ్గరి ఇనాండాలో అల్లర్లు చెలరేగాయి. భారతీయ కుటుంబాలు మూటాముల్లే సర్దుకుని పారిపోయాయి. గాంధీ 1904లో పెట్టుకున్న ఫీనిక్స్ ఆశ్రమం ఆ మంటల్లో కాలిపోయింది. తర్వాత దాన్ని తిరిగి కట్టారు. 1991లో జనాభా నమోదు చట్టమూ, ప్రాంతాల విభజన చట్టమూ రద్దయ్యాయి. పేటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

2021 జులైలో దుకాణాల లూటీలు మొదలైనప్పుడు, భారతీయుల కోసమని కట్టిన ఫీనిక్స్ టౌన్‌షిప్‌లో జనం రోడ్లకు అడ్డాలు పెట్టి వచ్చేపోయే వాళ్లను ఆపారు. పోలీసులు పత్తా లేరు, భయం నిజమే. ఆ ఒక్క పేటలో 36 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికన్లు. ఇక్కడ మన ఫోన్లలో తిరిగింది మాత్రం ‘అక్కడ మనవాళ్లు ప్రమాదంలో ఉన్నారు’ అన్న ఒక్క ముక్కే. చనిపోయిన ఆ 36 మంది ఎవరని అడిగినవాళ్లు తక్కువ. మా పేజీల్లోనూ ఆ ప్రశ్నకు దొరకాల్సినంత చోటు దొరకలేదు.