పోలీస్ స్టేషన్ చెక్కబల్లకు ఒక లొంగుబాటు లేఖ

మహారాజశ్రీ చెక్కబల్ల గారి సముఖానికి,

ఈరోజు ఉదయం పదిన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా విశాఖ ఉక్కపోతలో తమ మీద కూర్చున్నవాణ్ణి. గుర్తు రాకపోతే తమ కుడి చివర పైకి లేచిన మేకును అడగండి. నా ప్యాంటు ముక్క దాని దగ్గరే ఉంది.

నా నేరం తమరు విన్నదే. స్కూటరు అడ్డంగా పెట్టి ఎదురింటి ఆయన కారును కదలనివ్వలేదట. భారతీయ న్యాయ సంహిత 126(2), అక్రమ నిరోధం. మహా అయితే నెల రోజుల జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా దొరికే కేసు. మనమే వెళ్లి లొంగిపోతే మర్యాదగా ఉంటుందన్నారు వకీలు గారు. ఉంగరం ఇంట్లో తీయించారు, బీపీ మాత్రలు జేబులో పెట్టించారు. ఆధార్ నకళ్లు, ఇద్దరు జామీనుదారులు, వాళ్ల ఇంటి పన్ను రసీదులు! పాస్‌పోర్టుకు కూడా ఇన్ని కాగితాలు మోయలేదు.

తీరా వెళితే, నన్ను పట్టుకునే తీరిక ఎవరికీ లేదు. "ఎస్సై గారు బీచ్ రోడ్డు బందోబస్తులో ఉన్నారు. కూర్చోండి."

కూర్చున్నాను. పన్నెండింటికి టీ తాగి వద్దామని లేస్తే స్టేషన్ రైటర్ గారు తలెత్తకుండానే, "ఎక్కడికి? సరెండర్ అయ్యారు కదా" అన్నారు. అయితే అరెస్టు మెమో రాయండి, మా బావమరిది సాక్షి సంతకం పెడతాడన్నాను. "మిమ్మల్ని ఎవరు అరెస్టు చేశారండీ?" అన్నారు.

మంచినీళ్ల గ్లాసుకు గొలుసు వేసి ఉంది. ఆ గదిలో సక్రమంగా అరెస్టయినది అదొక్కటే.

అరెస్టయినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టమంటుంది రాజ్యాంగం 22వ అధికరణం. దారిలో పట్టే ప్రయాణ సమయాన్ని మినహాయించాలని కూడా గుర్తుపెట్టుకుని రాశారు. బల్ల సమయం గురించి ఒక్క ముక్క లేదు! మెమోలో తేదీ, వేళ వేయాలని సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు చెబుతుంది. మెమోయే లేనివాడి వేళ ఎక్కడ వేస్తారు? నా తొమ్మిది గంటలు ఏ రిజిస్టరులో ఉన్నాయి? బావమరిదికి స్టీల్ ప్లాంటులో షిఫ్టు పోయింది. అది ఎవరు రాసుకున్నారు?

మాత్ర జారిపడితే వంగి చూశాను. తమ పొట్టి కాలి కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41-ఎ నోటీసు ఫారం. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే, చెప్పిన రోజున హాజరవ్వమని ఇచ్చేది. 2024 జూలై 1న ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చి అది 35(3) అయ్యాక, పాత ఫారానికి తమ కాలి కింద ఉద్యోగం దొరికినట్టుంది. నాకు పొద్దున్నే ఇచ్చి పంపవలసిన కాగితం, తమరు ఊగకుండా కాపాడుతోంది.

ఏడున్నరకు కొత్త నోటీసు నా చేతిలో పెట్టారు. "రేపు పదికి రండి."

తమ మీద కోపం లేదు లెండి. ఫోను పోయిందని నాలుగు రోజులుగా తిరుగుతున్న పెద్దాయన, "అటు మేకు ఉంది, ఇటు జరగండి బాబూ" అని సగం చోటు ఇచ్చాడు. రేపు ఒక సుత్తి తెచ్చి ఆ మేకు సంగతి చూద్దామనుకున్నాను. వకీలు గారు వద్దన్నారు. మారణాయుధం కింద రాస్తారట.

ఇట్లు,
లొంగిపోయినా పట్టుబడని నిందితుడు