బకాయి అడిగితేనే తనిఖీలా?

ఫీజు రీయింబర్స్‌మెంట్ (అర్హులైన విద్యార్థుల ఫీజును సర్కారే కట్టే పథకం) బకాయిలు ఇవ్వకపోతే నవంబరు 3 నుంచి బంద్ అని తెలంగాణ ప్రైవేటు కాలేజీలు 2025 అక్టోబరులో ప్రకటించాయి. ఆ తేదీ రాకముందే విజిలెన్స్ తనిఖీలకు ఉత్తర్వులు వెలువడ్డాయి. తర్వాత చర్చలు, కొంత సొమ్ముకు హామీ, బంద్ విరమణ. 2016లోనూ ఇదే వరస. బకాయిల గొడవ నడుస్తుండగానే కాలేజీల్లోకి పోలీసులు, విజిలెన్స్ సిబ్బంది వెళ్లారు. పార్టీ మారింది, ఎత్తుగడ మారలేదు.

బోగస్ కాలేజీలను ఏరివేయడానికే తనిఖీలని సర్కారు అంటోంది. బోగస్ లేదని మేమూ అనడం లేదు. ప్రజల డబ్బు పుచ్చుకునే ప్రతి సంస్థా పద్దు చూపాల్సిందే. కానీ బాకీ అడిగినప్పుడే పద్దులు గుర్తొస్తే, అడగకుండా కూర్చున్న కాలేజీ సంగతేమిటి? అక్కడ దొంగ హాజరు ఉన్నా ఫర్వాలేదా? ఏడాదిగా అద్దె ఎగ్గొట్టినవాడు గోడలకు సున్నం వేయించలేదేమని ఇంటాయన మీద విరుచుకుపడ్డట్టుంది ఈ వ్యవహారం.

దొంగ లెక్క ఎక్కడ పుడుతుందో సంక్షేమ శాఖలో గుమస్తాకు కూడా తెలుసు. మొదటి సెమిస్టర్ తర్వాత చదువు మానేసిన కుర్రాడి పేరు సర్కారు స్కాలర్‌షిప్పుల పోర్టల్ ఈ-పాస్‌లో రెన్యువల్ అవుతూ ఉంటుంది. దరఖాస్తును ధ్రువీకరించేది కాలేజీయే. అది జిల్లా సంక్షేమాధికారి దగ్గర మంజూరై ట్రెజరీకి చేరుతుంది, చెల్లించాల్సిన బిల్లుగా టోకెన్ నంబరు పడుతుంది. 75 శాతం హాజరు నిబంధన ఉంది కానీ, ఆ హాజరు వేసేదీ కాలేజీయే. దీన్ని పట్టుకోవడానికి పోలీసులెందుకు? సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టినవాళ్ల జాబితా యూనివర్సిటీ దగ్గర ఉంటుంది. హాల్‌టికెట్ నంబరు పట్టుకుని దాన్ని క్లెయిముల జాబితాతో సరిపోలిస్తే చాలు, లేని విద్యార్థులంతా బయటపడతారు. ఇది ఏటా రెండుసార్లు చేయాల్సిన పని. బంద్ నోటీసు అందాక చేసేది కాదు.

అసలు చిల్లు ఫీజు ఖరారులో ఉంది. ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి కాలేజీల ఆడిట్ లెక్కలు చూసి రేటు నిర్ణయిస్తుంది. ఖర్చులో పెద్ద పద్దు జీతాలు. బ్యాంకులో పూర్తి జీతం వేసి, అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకుంటున్నారని లెక్చరర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకుల సంగతి సరేసరి. జీతాల పట్టికలోని పేర్లు పీఎఫ్ చలానాలో ఉన్నాయా, జీతంపై పన్ను కోత చూపే ఫారం 16లో అంకె అదేనా, జీతం పడిన వారంలో ఎంత విత్‌డ్రా అయింది? ఈ మూడూ చూడకుండా చార్టర్డ్ అకౌంటెంట్ సంతకాన్ని నమ్మి రేటు కడితే, ఆ ఉబ్బిన ఫీజును ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల తరఫున ఖజానా మోస్తుంది. ప్రవేశ పరీక్షలో 10 వేల పైన ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) ఇంజినీరింగ్ విద్యార్థికి సర్కారిచ్చేది ఏడాదికి 35 వేల రూపాయలే కాబట్టి, మిగతాది తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. 2025-28కి ఫీజులు తేల్చాల్సిన వేళ, మొదటి ఏడాదికి పాత ఫీజులే కొనసాగించి చేతులు దులుపుకున్నారు.

అమెరికాలోని ఓహైయో రాష్ట్రాన్ని చూడండి. ప్రభుత్వ నిధులతో నడిచిన ఎకాట్ అనే ఆన్‌లైన్ చార్టర్ (ప్రైవేటు యాజమాన్యం నడిపే) స్కూలు 2015-16లో 15 వేలకు పైగా విద్యార్థులను చూపింది. లాగిన్ గంటలు తీస్తే దాదాపు 6,300 మందికే ఆధారం దొరికింది. ఆ ఒక్క ఏడాదికే రాష్ట్రం 6 కోట్ల డాలర్లు తిరిగి కట్టమంది, నెలనెలా ఇచ్చే సొమ్ములోంచే కోత మొదలుపెట్టింది. 2018 జనవరిలో స్కూలు మూతపడింది. అదీ చాలా ఆలస్యంగా కదిలిన వ్యవస్థే, ఆదర్శమేమీ కాదు. కానీ నెలనెలా ఇస్తోంది కాబట్టి కోయగలిగింది. ఏళ్ల తరబడి టోకెన్లు చేతిలో పెట్టే మన ఆర్థిక శాఖ దేన్నుంచి కోస్తుంది?

ఈ లోపు నలిగేది విద్యార్థి. కోర్సు అయిపోయినా బకాయి సాకుతో కాలేజీ సర్టిఫికెట్ ఆపుతుంది, తండ్రి అప్పు చేసి కట్టి తెచ్చుకుంటాడు. ఆ డబ్బు తర్వాత సర్కారు నుంచి వస్తే కుటుంబానికి తిరిగి ఇచ్చారా లేదా అన్నది ఏ విజిలెన్స్ నివేదికకు ఎక్కుతుంది? యాజమాన్యాలు ఈ ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి.

వచ్చే కౌన్సెలింగ్ లోపు కాలేజీవారీగా మంజూరు, చెల్లింపు, బకాయి, తనిఖీ ఫలితం ఈ-పాస్ సైట్‌లో పెట్టండి. 2016 నివేదికలు, 2025 నివేదికలు కూడా. లేని విద్యార్థి పేరున డబ్బు తీసుకున్నారని తేలితే తర్వాతి విడతలో కోసి, కేసు పెట్టండి. తేలకపోతే మారుమాట లేకుండా బాకీ కట్టండి.