ప్రింట్ కాదు సార్, గీసింది

మొన్న డిసెంబర్‌లో తిరుపతిలో, అమెరికాలోని మన తెలుగు సంఘం పెట్టిన 'చిన్న వ్యాపారులకు సేల్స్ నైపుణ్యాలు' సదస్సు ఫొటోలు మీరంతా గ్రూపుల్లో చూసే ఉంటారు. జ్యోతి వెలిగిస్తున్న చేతుల్లో ఎడమవైపు నుంచి నాలుగోది నాదే. కాబట్టి ఇక్కడ ఎవరినైనా తప్పుపడుతున్నానంటే అందులో నా వాటా కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

అలిపిరి వెళ్లే దారిలో ఒక కల్యాణ మండపం. పదింటికన్న కార్యక్రమం పదకొండు ముప్పావుకు మొదలైంది. ప్రార్థనా గీతం, జ్యోతి, శాలువాలు, మెమెంటోలు, ఆర్వీపీ (ప్రాంతీయ ఉపాధ్యక్షుడు) గారి సందేశం, ఈసీ (కార్యవర్గ) సభ్యుల పరిచయం. అమెరికా నుంచి తిరిగొచ్చి 1985లో అమరరాజాను మొదలుపెట్టిన గల్లా రామచంద్రనాయుడు గారి ప్రస్తావన షరా మామూలే. ఆయన ఉదాహరణ గొప్పదే కానీ, ఎదురుగా కూర్చున్నవాళ్లలో బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టబోయేవాళ్లెవరూ లేరు. మురుకులు చేసి అంగళ్లకు వేసే కుర్రాడు, కొర్లగుంట టైలరు, వాటర్ ప్లాంటాయన, మాధవమాల నుంచి కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లు ఇద్దరు, శ్రీకాళహస్తి నుంచి కలంకారీ చేసే ఒకామె, ఇలాంటివాళ్లు ఎనభై మంది దాకా ఉన్నారు. అసలు శిక్షణ ఇవ్వాల్సిన మనవాడి చేతికి మైకు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వెనక నుంచి పులిహోర వాసన వస్తోంది.

అతను సమర్థుడే. సాఫ్ట్‌వేర్ అమ్మకాల్లో ఏళ్లతరబడి పనిచేశాడు. ఒకసారి వద్దన్న కస్టమర్‌ను మళ్లీ ఎప్పుడు, ఎలా పలకరించాలో చెప్పినప్పుడు మురుకుల కుర్రాడు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత 'ఎలివేటర్ పిచ్' అన్నాడు. మీ వ్యాపారం గురించి ముప్పై సెకన్లలో చెప్పండంటూ, ముందు వరుసలో ఉంది కదా అని కలంకారీ ఆమెను స్టేజీ మీదకు పిలిచాడు.

పిలుస్తూ "ఈ మేడమ్‌ది కలంకారీ ప్రింట్స్ బిజినెస్" అన్నాడు. వెనక ఫ్లెక్సీలోనూ అదే మాట. ఆమె మైకు పట్టుకుని "మాది కాళహస్తి సార్. మేము కలంకారీ..." అని ఆగిపోయింది. ఇతను వాచీ చూస్తూ "ఎనర్జీ, మేడమ్, ఎనర్జీ! పదిహేను సెకన్లే ఉంది!" అన్నాడు. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, మైకును బల్ల మీద పడుకోబెట్టి దిగి వెళ్లిపోయింది.

కలంకారీని ప్రింట్ అంటే శ్రీకాళహస్తిలో ఎంత బాధపడతారో మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. అచ్చులు వేసేది మచిలీపట్నం, పెడన వైపు. అదీ గొప్ప పనే, కానీ వేరే పని. కాళహస్తిలో బట్టను పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఇనుప ముక్కలు, బెల్లం వేసి పులియబెట్టిన నల్లటి కసింలో వెదురు కలం ముంచి చేత్తో గీస్తారు. పటిక పెడతారు, ఉడకబెడతారు, స్వర్ణముఖిలో నీళ్లుంటే అక్కడ, లేకపోతే ఎక్కడుంటే అక్కడ జాడిస్తారు. రంగు రంగుకూ మళ్లీ ఇదే తంతు. గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. "ప్రింట్ కాదు సార్, గీసింది" అని ఆమె అనగలిగి ఉంటే ఆ ముప్పై సెకన్లలో ఇరవై ఏడు మిగిలిపోయేవి. అనలేకపోయింది.

భోజనాల తర్వాత వరండాలో ఆమె మూట విప్పింది. ఇక్కడ మీరు ఊహించే మలుపు నాకు తెలుసు: స్టేజీ మీద నోరు పెగలని మనిషి వరండాలో అదరగొట్టేసిందని. అలా ఏమీ జరగలేదు. మా ఆవిడ ఒక సిల్కు దుపట్టా చేతిలోకి తీసుకుని "ఎంతమ్మా?" అంది. "మూడువేల అయిదొందలక్కా" అని, మేం నోరు తెరవకముందే "మీకు మూడువేలకిస్తాలే" అంది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాం, "రెండువేల ఎనిమిదొందలు" అంది. అప్పుడు నేను, మన సంఘం కన్వెన్షన్ స్టాల్లో ఇలాంటిదే 180 డాలర్ల చీటీ చూసి మారుమాట లేకుండా కార్డు గీకిన నేను, "ఫైనల్ ఎంత?" అన్నాను. రెండువేల నాలుగువందలకు తెగింది.

మడత పెడుతుంటే నేనే అడిగాను, దీనికి ఖర్చెంత అవుతుందని. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. బట్ట, రంగులు, గీసిన బావగారి కూలి, ఉతికినవాళ్ల కూలి, అన్నీ కలిపి 2,100. అంటే 3,500కి అమ్మితే ఆమెకు మిగిలేది 1,400. నేను కొన్న ధరకు మిగిలింది 300. ఒక దుపట్టా మీద రావాల్సింది రావాలంటే ఇప్పుడు దాదాపు అయిదు అమ్మాలి. ఒక్కోటి తయారవడానికి పది పన్నెండు రోజులు. భోజనాలకు ముందు స్టేజీ మీద మనం చెప్పిన ఆరు సూత్రాల్లో 'డిస్కౌంట్‌తో కస్టమర్‌ను కట్టిపడేయండి' అన్నది ఒకటి. అక్కడ కట్టుబడింది ఎవరో మరి.

ఇదంతా నాకు ఎందుకింత గుచ్చుకుందో చెప్పాలంటే గాంధీ రోడ్డుకు వెళ్లాలి.

గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మా నాయనకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. ఆయన గురించి మన సభల్లో నేను చాలాసార్లే మాట్లాడాను. తూకంలో గురిగింజంత తేడా రానిచ్చేవాడు కాదని, నాసిరకం సరుకు ముట్టుకునేవాడు కాదని. అవన్నీ నిజాలే. చెప్పనిది ఒకటుంది. వేలూరు నుంచో కంచి నుంచో వచ్చిన ఒకావిడ కామాక్షి దీపం చేతిలోకి తీసుకుంటుంది. తిరగేసి అడుగు చూస్తుంది. బరువు చూసుకుంటుంది. ధర అడుగుతుంది. మా నాయన ధర చెప్పి మళ్లీ పేపర్లో తల దూర్చేవాడు. ఆవిడ ఇంకో అరనిమిషం నిలబడి దీపం కిందపెట్టి వెళ్లిపోయేది. "ఏం నాయనా, ఒక మాట మాట్లాడుంటే కొనుండేది కదా" అంటే, "సరుకే మాట్లాడతాది రా. మనం అడుక్కోవాల్నా?" అనేవాడు.

పక్క కొట్టాయనదీ అదే సరుకు. కాకపోతే ఆయన అరవంలో పలకరించేవాడు. దర్శనమయిందా, పిల్లకాయలు తిన్నారా, ఈ దీపం మీ ఇంటికా, కూతురి కాపురానికా అని. కూతురికంటే ఒక రకం చూపేవాడు, గుడికిస్తామంటే ఇంకో రకం. డబ్బు గల్లాపెట్టెలో వేశాక ఒక చిన్న కుంకుమ భరిణె కొసరు. అప్పుడే ఊరు, పేరు అడిగి చిట్టా పుస్తకంలో రాసుకునేవాడు. పెరటాసి శనివారాలకు తమిళులు తిరుమలకు ఎంతమంది వస్తారో తెలుసుగా. ఆ నెల ముందర కూర్చుని ఆ పుస్తకంలో ఉన్నవాళ్లకల్లా 15 పైసల కార్డులు రాసేవాడు: కొత్త సరుకొచ్చింది, మీ పాప బాగుందా అని. మా నాయన అది చూసి నవ్వేవాడు. "కార్డు రాసి పిలిచేది పెండ్లికిరా, బేరానికా?" అని. 1998లో మా కొట్టు మూసేశాం. ఆ గదిని కూడా కలుపుకుని ఆయన కొట్టు పెద్దది చేసుకున్నాడు.

ఇన్నేళ్లూ నేను దాన్ని నిజాయితీ అనే చెప్పుకొచ్చాను. నిజాయితీకీ దానికీ సంబంధం లేదు. తూకం సరిగ్గా వేస్తూనే పలకరించొచ్చు, పక్కాయనా తూకంలో మోసం చేయలేదు. మా నాయనకు ఉన్నది భయం. అడిగితే వద్దంటారేమోనని. ఆ భయానికి మా ఇంట్లో మర్యాద అని పేరు. అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్పే ఊళ్లోనే, అడగడాన్ని నామోషీగా పెంచారు మమ్మల్ని. ఇక్కడ అమెరికాకు వచ్చాక ఆరేళ్లు నేను జీతం పెంచమని మేనేజర్‌ను అడగలేదు. మనలో చాలామంది కథ ఇదేనని నాకు అనుమానం.

కలంకారీ ఆమె మేం అడక్కముందే ధర తగ్గిస్తుంటే నాకు మా నాయన కనిపించాడు. ఆయన పేపర్లో తల దూర్చేవాడు, ఆమె ధర దించుతోంది. రెండూ 'వద్దు' అనే మాట వినకుండా తప్పించుకునే దారులే.

అందుకే అమ్మడం నేర్పక్కర్లేదు, అది రక్తంలో ఉండాలి అనేవాళ్లతో నేను ఏకీభవించను. నేర్పొచ్చు. పక్క కొట్టాయన పుట్టుకతో అరవం నేర్చుకురాలేదు. కానీ ఆయన నేర్చుకున్నవేవీ ముప్పై సెకన్లలో మాట్లాడే విద్యలు కావు. ఎవరికోసం కొంటున్నారో అడగడం, చెప్పింది వినడం, రాసిపెట్టుకోవడం, ధర చెప్పాక కాసేపు నోరు మూసుకుని ఉండగలగడం. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం. దుపట్టా తిరగేసి వెనకవైపు చూపించి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమని, రెండు పువ్వుల గీతలు పక్కపక్కన పెట్టి ఒకదానిలా ఇంకోటి లేదని చూపించి, మూడువేల అయిదొందలని చెప్పి ఆగిపోవాలి. ఎదుటివాళ్లు మొహం చిట్లించినా సరే ఆగాలి. అది ఒక మనిషి పక్కన కూర్చుని నాలుగుసార్లు చేయిస్తే వస్తుంది. మైకు ముందు రాదు.

డబ్బు చేతికొచ్చేదాకా అమ్మకం పూర్తయినట్టు కాదు, ఆ సంగతీ మన సదస్సులో రాలేదు. హైదరాబాదులో ఒక షాపు వాళ్లు సరుకు తీసుకుని ఎనిమిది నెలలుగా తిప్పుతున్నారని ఆమె మాటల మధ్యలో చెప్పింది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలని 2006 చట్టమే ఉంది. ముందుగా ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే ప్రభుత్వం దగ్గర చిన్న సంస్థగా నమోదు, చేసుకుని ఉండాలి, ఆన్‌లైన్‌లో దానికి పైసా ఖర్చు లేదు. ఎనభై మందిని ఒకచోట కూర్చోబెట్టి శాలువాలకు నలభై నిమిషాలు ఖర్చుపెట్టినవాళ్లం, ఫోన్లు తీయించి ఇది చేయించడానికి ఓ అరగంట కేటాయించలేకపోయామా?

తిరిగొచ్చాక మిగతా 1,100 ఆమెకు పంపిద్దామనుకున్నాను. మా ఆవిడ ఆపింది. "అప్పుడే ఇచ్చుంటే వ్యాపారం. ఇప్పుడు పంపితే దానం" అంది. సరే, ఫోన్ చేసి ఇంకో రెండు కావాలన్నాను, 3,500 చొప్పున. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "అంతకే కొంటారా సార్?" అంది. ఆ ప్రశ్న విన్నాక రెండు రోజులు నాకు పని మీద మనసు పోలేదు.

ఈసీ వాళ్లకు నా విన్నపం ఇదీ. వచ్చే డిసెంబర్‌లో కల్యాణ మండపం వద్దు. ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోల డబ్బు పక్కన పెట్టండి. మనలో అమ్మకాలు తెలిసినవాళ్లు పదిమంది చాలు, మొన్న మాట్లాడిన మనవాడే ముందుండాలి, అతనికున్న విద్య నిజంగా పనికొస్తుంది. ఒక్కొక్కరు ఒక్కో కొట్లో, ఒక్కో మూట పక్కన రెండు రోజులు కూర్చోండి. మొదటిరోజు ఏమీ చెప్పకండి, బోణీ నుంచి గల్లా కట్టేదాకా చూడండి. రెండోరోజు ఖర్చు లెక్క కాగితం మీద రాయించండి, ఇంతకు తగ్గేది లేదన్న గీత అమ్మేవాళ్ల చేత్తోనే గీయించండి. అక్కడున్న రెండు రోజులూ మనవాళ్లెవరూ బేరమాడకూడదు. కన్వెన్షన్‌లో స్టాలు ఇద్దామని కొందరు అంటున్నారు. ఇద్దాం, కానీ వీసా దొరికేదెప్పుడో, అంతలో తీసుకున్న సరుకుకు మనం 45 రోజుల్లో డబ్బు కడదాం.

వెళ్లేవాళ్ల జాబితాలో మొదటి పేరు నాదే రాసుకోండి. గాంధీ రోడ్డుకు మాత్రం వేయకండి, పక్క కొట్టాయన కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు. నన్ను శ్రీకాళహస్తికి పంపండి.