పెట్టెకు తిరుగు టికెట్టు ఉండదు

హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లిన ప్రయాణికుడు ఏదో ఒక రోజు తిరిగి వస్తాడు. మందుల పెట్టె రాదు. విదేశీ సరుకు విమానాలను రానిస్తే మన కార్గో పైలట్ల ఉద్యోగాలు పోతాయా అన్న గొడవకు మూలం ఈ తేడాలోనే ఉంది. నిండుగా వెళ్లిన విమానం ఖాళీగా తిరిగొస్తే నష్టం కాబట్టి అది దారిలో మూడో దేశంలో దిగి, అక్కడి సరుకు ఎత్తుకుని నాలుగో దేశంలో దించాలని చూస్తుంది. ఎన్ని చోట్ల దిగినా పెట్టె విసుక్కోదు.

అయితే అలా ఎత్తుకోవడానికి ఆయా దేశాల అనుమతి కావాలి. ఏ దేశం ఆకాశం ఆ దేశానిదేనని 1944లో షికాగో ఒప్పందం తేల్చింది. అప్పటి నుంచి ట్రాఫిక్ హక్కులు, అంటే ప్రయాణికులను, సరుకును ఎక్కించి దించే అనుమతులు, ద్వైపాక్షిక బేరాలయ్యాయి. సొంత గడ్డను తాకకుండానే రెండు పరాయి దేశాల మధ్య తిరగడాన్ని ఏడో స్వేచ్ఛ అంటారు. ప్రయాణికుల విషయంలో దీన్ని ఇవ్వడానికి వెనకాడే ప్రభుత్వాలకు సరుకు దగ్గరికి వచ్చేసరికి ఉదారత పొంగుకొస్తుంది. విమానాల రాకపోకలపై ఆంక్షలు సడలించేందుకు అమెరికా చేసుకున్న ఓపెన్ స్కైస్ ఒప్పందాలు చాలావాటిలో సరుకుకు ఈ హక్కు ఉంది. అర్ధరాత్రి ఎగిరే సరుకు విమానానికి ఓటర్లెవరూ ఉండరు మరి.

ఇలాంటప్పుడు విదేశీ సంస్థలను అడ్డుకుంటే మన పైలట్లు క్షేమమని వాదించేవారున్నారు. వారు ఒహాయో రాష్ట్రంలోని విల్మింగ్టన్ కథ వినాలి. జర్మన్ల యాజమాన్యంలోని పార్సెళ్ల సంస్థ డీహెచ్ఎల్ 2003లో అదే వ్యాపారంలోని అమెరికా సంస్థ ఎయిర్‌బోర్న్‌ను కొన్నది. కానీ అమెరికా విమాన సంస్థలో కనీసం 75 శాతం ఓటు హక్కున్న వాటా అమెరికన్ల చేతిలోనే ఉండాలని అక్కడి చట్టం. అందుకే భూమి మీది వ్యాపారం డీహెచ్ఎల్‌కు పోగా, విమానాలు ఏబీఎక్స్ ఎయిర్ పేరుతో విడి సంస్థగా మిగిలాయి. చట్టం గెలిచింది, జెండా నిలిచింది. పైలట్లు మాత్రం డీహెచ్ఎల్ అనే ఒకే ఒక పెద్ద ఖాతాదారుడి మీద బతికే కాంట్రాక్టర్ మనుషులయ్యారు. 2008 నవంబరులో డీహెచ్ఎల్ అమెరికా దేశీయ సేవలు ఆపేస్తానని ప్రకటించి, 2009 జనవరిలో ఆపేసింది. ఆ చిన్న ఊళ్లో దాదాపు ఎనిమిది వేల ఉద్యోగాలు పోయాయి. వాళ్లను విదేశీ యజమాని నుంచి కాపాడిన నిబంధనే, ఆ యజమాని చేయి దులుపుకోవడాన్ని సులువు చేసింది.

యూరప్‌లోనూ ఇదే తంతు. 2016లో అక్కడి పార్సెళ్ల సంస్థ టీఎన్‌టీని కొన్న అమెరికా సంస్థ ఫెడెక్స్, యాజమాన్య నిబంధనల వల్ల దాని విమాన సంస్థలను ఏఎస్ఎల్ అనే యూరప్ విమాన సంస్థకు అప్పగించాల్సి వచ్చింది. ఇలాంటి చోట పైలట్‌కు నిజంగా దన్నుగా నిలిచేది యూనియన్ రాయించుకున్న స్కోప్ నిబంధన. సంస్థ సరుకు మోసే విమానాన్ని తమ సీనియారిటీ జాబితాలోని పైలట్లే నడపాలన్నది దాని సారం. దేశాల ఒప్పందాల్లో ఈ వాక్యం ఉండదు.

మన దేశం సరుకు ఆకాశాన్ని తొంభైలలోనే బార్లా తెరిచింది. 2020 డిసెంబరులో కొంత మూసింది. విదేశీ నాన్-షెడ్యూల్డ్ (నిర్ణీత వేళాపట్టిక లేని) సరుకు విమానాలు బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, కోల్‌కతా, హైదరాబాద్, ముంబై విమానాశ్రయాల్లో మాత్రమే దిగాలంది. విశాఖ, విజయవాడ ఆ జాబితాలో లేవు. ఎగుమతిదారుల చిరాకు సహజమే. అయినా మన సంస్థలకు ఊపిరి పీల్చుకునే వ్యవధి కావాలన్న ఆలోచన తప్పని నేను అనను. నా అభ్యంతరం వేరే. విమాన సంస్థకు ఇచ్చిన రక్షణ పైలట్ దాకా దిగుతుందని ఎవరు పూచీ పడ్డారు?

2023 జనవరిలో హైదరాబాద్‌లో అమెజాన్ వారి సరుకు విమాన సేవ అమెజాన్ ఎయిర్ మొదలైంది. బోయింగ్ 737 మీద రాసిన పేరు అమెజాన్‌ది. అప్పుడు దాన్ని నడిపే పని మాత్రం బెంగళూరుకు చెందిన సరుకు విమాన సంస్థ క్విక్‌జెట్‌కు దక్కింది.